ఆఫీసు మేడ మీద తేనెపెట్టెలు పెడితే తేనెటీగల్ని కాపాడినట్టేనా? (బ్రిటన్)

థేమ్స్ ఒడ్డు (రెడింగ్) · ఏప్రిల్ 5, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. మా ఆఫీసు మేడ మీద తేనెపెట్టెలు పెట్టిస్తున్నారు. "తేనెటీగల్ని కాపాడుదాం" అని పోస్టర్లు వేసి చందాలు అడుగుతున్నారు. మా టీములో ఒకావిడ మాత్రం "దీనివల్ల ఇక్కడున్న ఈగలకే నష్టం" అంటోంది. తేనెటీగలు తగ్గిపోతున్నాయని ఎన్నాళ్లుగానో వింటున్నాం కదా, పెంచితే నష్టమేమిటి?

ఇంకో సంగతి. మా ఇంటి వెనక గడ్డిలో చిన్న చిన్న మట్టి కుప్పలు లేస్తున్నాయి. ఒక్కో కుప్ప మధ్యలో పెన్సిల్ పట్టేంత బెజ్జం. ఎర్రటి బొచ్చున్న ఈగ ఒకటి అందులోకి దూరుతోంది. ఇంట్లో చిన్నపిల్ల ఉంది, మా ఆవిడకు టెన్షన్‌గా ఉంది. మందు కొట్టించాలా?

---

పురుగుల పిచ్చి (లెస్టర్) · ఏప్రిల్ 5, ఉదయం 10:25

మందు మాత్రం కొట్టించకండి. మీరు చెప్పిన గుర్తుల్ని బట్టి అది టానీ మైనింగ్ బీ, శాస్త్రీయనామం ఆండ్రీనా ఫల్వా. పైనంతా నక్క రంగు బొచ్చు, ముఖం, కడుపు కింద నలుపు. అది ఆడది. ఒక్కో ఆడది తన బెజ్జం తానే తవ్వుకుంటుంది. రాణీ లేదు, కూలి ఈగలూ లేవు, కాపాడుకోవలసిన తేనె నిల్వా లేదు, కాబట్టి మీద పడి కుట్టే అవసరమూ దానికి లేదు. కొన్ని వారాల్లో పని ముగించుకుని పోతుంది. పిల్లలు మట్టి దిమ్మల మీద కాలు పెట్టకుండా చూసుకుంటే చాలు.

ఇక తేనెపెట్టెల సంగతి. బ్రిటన్‌లో తేనెటీగ జాతులు దాదాపు 270 ఉన్నాయి. అందులో మనం తేనె తీసుకునేది ఒక్కటే, ఏపిస్ మెల్లిఫెరా. 24 రకాలు బంబుల్‌బీలు, అంటే లావుగా, బొచ్చుగా ఉండేవి. మిగతావి దాదాపు అన్నీ మీ గడ్డిలో ఉన్నలాంటి ఒంటరి ఈగలు. పోస్టర్ మీద బొమ్మ వేసే ఆ ఒక్క జాతినీ మనుషులు పెంచుతారు, జబ్బు చేస్తే మందు వేస్తారు, చలికాలానికి ముందు పంచదార పాకం పెడతారు. పెట్టెలో ఈగలు చచ్చిపోతే ఇంకో పెట్టె కొనుక్కోవచ్చు. మిగతా జాతులకు ఆ వీలు లేదు. పక్షుల్ని కాపాడటానికి కోళ్లఫారం పెట్టినట్టుంది మీ ఆఫీసువాళ్ల పని.

నష్టం ఎలాగంటారా? వేసవి మధ్యలో ఒక్కో పెట్టెలో 40–50 వేల ఈగలుంటాయి. అవన్నీ మేడ దిగి చుట్టుపక్కల పూల మీదే పడతాయి. పూలు పెంచకుండా పెట్టెలే పెంచితే మకరందం ఎక్కణ్నుంచి వస్తుంది? లండన్‌లో కొన్నిచోట్ల పెట్టెలు మరీ ఎక్కువైపోయాయని క్యూ గార్డెన్స్ (అక్కడి పెద్ద వృక్షోద్యానం) శాస్త్రవేత్తలు 2020లోనే హెచ్చరించారు. తేనెటీగలు పెంచేవాళ్ల సంఘాలు కూడా అదే మాట అన్నాయి. చందా ఇవ్వాలనుకుంటే మేడ మీద పూలమొక్కలకు ఇస్తామని చెప్పండి.

---

అబర్డీన్ అబ్బాయి · ఏప్రిల్ 5, ఉదయం 11:02

270 రకాలా! నేను ఇన్నాళ్లూ రెండే అనుకుంటున్నా: కుట్టేవి, కుట్టనివి.

---

గోంగూర గార్డెన్ (హౌన్స్‌లో) · ఏప్రిల్ 5, మధ్యాహ్నం 1:15

మా అలాట్‌మెంట్‌లో (అద్దెకు తీసుకునే కూరగాయల మడుల్లో) ఒకాయన తేనెపెట్టె పెట్టాక నా ఆనపకాయలు బాగా కాస్తాయనుకున్నాను. తేడా ఏమీ కనిపించలేదు. టమాటాల మీద మాత్రం లావుపాటి బంబుల్‌బీ వేలాడుతూ గుయ్యిమంటుంది. దానికీ కాపుకూ సంబంధం ఉందా అన్నా?

---

పురుగుల పిచ్చి (లెస్టర్) · ఏప్రిల్ 5, మధ్యాహ్నం 2:30

ఉంది అక్కా. టమాటా, వంకాయ పూలలో పుప్పొడి గొట్టం లాంటి సంచిలో ఉంటుంది, చివర సన్నటి రంధ్రం. బంబుల్‌బీ ఆ పువ్వును పట్టుకుని రెక్కల కండరాలు అదరగొడుతుంది. ఆ అదురుకు పుప్పొడి రాలుతుంది. మీకు వినిపించే గుయ్యి అదే. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఆ విద్య రాదు. అందుకే గ్లాస్‌హౌస్‌లలో టమాటా పండించేవాళ్లు బంబుల్‌బీలను అట్టపెట్టెల్లో కొనుక్కుంటారు.

ఆనపకాయకు ఈగలతో పనిలేదు. ఆ తెల్లపూలు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటి దగ్గరికొచ్చేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. ఈ చలిదేశంలో చీకటిపడ్డాక మగపువ్వు తుంచి ఆడపువ్వుకు మీరే రాయడం మేలు.

బ్రాడ్ బీన్స్ వేస్తే పూల అడుగు చూడండి. పొట్టి నాలుక బంబుల్‌బీలు పక్కనుంచి కన్నం పెట్టి మకరందం తాగేస్తాయి. పొడవు నాలుక ఉన్నవి మర్యాదగా ముందునుంచే వెళ్తాయి. ఏది ఎటునుంచి వస్తోందో చూస్తే సగం గుర్తుపట్టినట్టే.

---

లెక్కల మాష్టారు (మిల్టన్ కీన్స్) · ఏప్రిల్ 5, సాయంత్రం 6:48

"తేనెటీగలు తగ్గిపోతున్నాయి" అని మొదటి పోస్టులో రాశారు. ఏ ఈగలు, ఎంత, ఎక్కడ అన్నది ఎలా తెలుస్తుందో రెండు ముక్కలు చెప్తాను. నాకు పురుగులు పెద్దగా తెలియవు, డేటా తెలుసు.

ఈ దేశంలో ఈగల సంగతి ప్రభుత్వ ఉద్యోగులకంటే సెలవురోజుల్లో వల పట్టుకుని తిరిగే మామూలు మనుషులకే ఎక్కువ తెలుసు. పోస్టుమాన్లు, టీచర్లు, రిటైరైన ఇంజనీర్లు. తేనెటీగలు, కందిరీగలు, చీమలు, ఈ మూడింటికీ కలిపి బీవార్స్ అని ఒక సొసైటీ ఉంది. బ్రిటన్, ఐర్లండ్‌లలో ఈ కుటుంబాలన్నీ కలిపితే దాదాపు 600 జాతులు. ఎవరు ఏది చూసినా నాలుగు సంగతులు రాస్తారు: ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు. ఇలాంటి రికార్డులన్నీ 1964లో మొదలైన బయొలాజికల్ రికార్డ్స్ సెంటర్‌కు చేరతాయి.

2019లో ఈ డేటాతోనే ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. 1980 నుంచి 2013 దాకా, 353 జాతుల అడవి తేనెటీగలు, హోవర్‌ఫ్లైలు (పూల మీద గాల్లో నిలబడే ఈగలు), 7 లక్షలకు పైగా రికార్డులు. మూడో వంతు జాతులు కనిపించే చోట్లు తగ్గాయి. పదో వంతు జాతులకు పెరిగాయి. పంటల మీద ఎక్కువగా వాలే 22 జాతులు సుమారు 12 శాతం పెరిగాయి. అంటే ఆవ, పళ్లతోటల దగ్గర చూసి "బాగానే ఉన్నాయిగా" అనుకుంటే ఆ మాట ఆ చోటికే చెల్లుతుంది. కొండప్రాంతాల జాతుల పరిస్థితి చాలా పాడుగా ఉంది.

అందరూ అరుదైనదాని కోసమే ఎగబడతారు. మామూలుగా కనిపించేవాటిని ఎవరూ రాయరు. దానివల్ల లెక్క తప్పుతుంది. ఒక చోట ఒకాయన ఒక రోజు పది జాతులు రాసి పదకొండోది రాయలేదంటే, అది అక్కడ లేకపోయి ఉండవచ్చని అంచనా వేయొచ్చు. అరుదైనది ఒక్కటే రాస్తే మిగతావి ఉన్నాయో లేవో ఎవరికి తెలుస్తుంది? కాబట్టి రెడింగ్ తమ్ముడూ, మీ గడ్డిలోని ఈగ మామూలుదే, ఎక్కడైనా ఉంటుందే. అయినా రాయండి.

---

కరివేపాకు (క్రాయిడన్) · ఏప్రిల్ 5, రాత్రి 9:20

మాష్టారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. అరవై ఏళ్లు రాశారు, మ్యాపులు గీశారు. ఈలోగా 1930ల నుంచి ఇప్పటిదాకా పూల పచ్చికబయళ్లు 97 శాతం పోయాయి. నియోనికోటినాయిడ్ పురుగుమందుల్లో మూడింటిని 2018లో బయటి పంటలకు నిషేధించారు కదా, తీరా బ్రెగ్జిట్ అయ్యాక చక్కెరదుంపల కోసం "అత్యవసర అనుమతి" అని 2021, 2022, 2023, 2024 వరసగా నాలుగేళ్లు ఇచ్చారు. ఏటా వచ్చే అత్యవసరం ఏం అత్యవసరమండీ? 2025 జనవరిలో గానీ కాదనలేదు. రికార్డులు పోగేయడం వల్ల ఒక్క ఈగ బతికిందా? చచ్చేవాటి పేర్లు చక్కగా రాసిపెట్టుకున్నట్టు అనిపిస్తుంది నాకు.

---

లెక్కల మాష్టారు (మిల్టన్ కీన్స్) · ఏప్రిల్ 5, రాత్రి 10:05

2021లో అనుమతి ఇచ్చారు కానీ దుంపలకు వైరస్ ముప్పు తక్కువని తేలి వాడలేదు. మిగతాదంతా మీరన్నది నిజమే.

---

పురుగుల పిచ్చి (లెస్టర్) · ఏప్రిల్ 6, ఉదయం 8:30

కరివేపాకు గారూ, మీ కోపం న్యాయమే. కానీ "ఒక్క ఈగ బతికిందా" అన్నారు చూడండి, దానికి జవాబు ఎసెక్స్‌లో ఉంది, కెంట్‌లో ఉంది.

ఎసెక్స్‌లో కాన్వీ ద్వీపం మీద కాన్వీ విక్ అని ఒక చోటు. నూనె శుద్ధి కర్మాగారం కట్టబోయి మధ్యలో వదిలేశారు. విరిగిన తారు రోడ్లు, ట్యాంకుల కోసం వేసిన గుండ్రటి దిమ్మెలు, ఇసుక, ముళ్లపొదలు. చూసినవాళ్లెవరికైనా పనికిరాని స్థలం అనిపిస్తుంది. కీటకాలు తెలిసినవాళ్లు వెళ్లి వెతికితే వెయ్యికి పైగా జాతులు దొరికాయి. బ్రిటన్‌లో అన్నిటికన్నా అరుదైన బంబుల్‌బీల్లో ఒకటైన శ్రిల్ కార్డర్ కూడా అక్కడుంది. ఆ జాబితాలు చూపించబట్టే 2005లో ఆ స్థలానికి ఎస్.ఎస్.ఎస్.ఐ. హోదా, అంటే చట్టరక్షణ, వచ్చింది. పాడుబడ్డ పారిశ్రామిక స్థలాన్ని కీటకాల కోసం అలా రక్షించడం అదే మొదలు. ఇప్పుడు బగ్‌లైఫ్ (కీటకాల సంరక్షణ సంఘం), ఆర్.ఎస్.పి.బి. (పక్షుల సంరక్షణ సంఘం) కలిసి చూసుకుంటున్నాయి.

కెంట్‌లో స్వాన్స్‌కూంబ్ ద్వీపకల్పం కథ ఇంకా దగ్గరిది. పెద్ద థీమ్ పార్కు కడతామన్నారు. సిమెంటు దుమ్ము, చిత్తడి, గడ్డి తప్ప అక్కడేముందని చాలామంది అనుకున్నారు. లెక్క తీస్తే బ్రిటన్ నీటి పెంకుపురుగుల జాతుల్లో పావువంతుకు పైగా అక్కడే ఉన్నాయి. ఈ దేశం మొత్తంలో రెండే చోట్ల దొరికే ఒక గెంతుడు సాలీడు కూడా ఉంది. 2021లో ఎస్.ఎస్.ఎస్.ఐ. అయింది. 2022లో పార్కువాళ్లు దరఖాస్తు వెనక్కు తీసుకున్నారు. దానికి డబ్బు కారణాలు కూడా ఉన్నాయనుకోండి. కానీ కాగితం మీద పేర్లు లేకపోతే ఆ సాలీడు తరఫున మాట్లాడేవాళ్లు ఎవరు?

రికార్డులతో అన్నీ గెలుస్తామని నేను అనను. షార్ట్-హెయిర్డ్ బంబుల్‌బీ (బాంబస్ సబ్‌టెర్రేనియస్) సంగతి చూడండి. ఇక్కడ చివరిసారి కనిపించింది 1988లో, కెంట్‌లోని డంజెనెస్‌లో. 2000లో అంతరించిందని ప్రకటించారు. 1880ల్లో ఎర్ర క్లోవర్ (పశువుల మేత మొక్క) గింజ కట్టడం కోసం ఇక్కణ్నుంచి న్యూజిలాండ్‌కు ఓడలో పంపిన ఈగల సంతానం అక్కడ ఇంకా ఉంది. వాటిని తిరిగి తెద్దామని చూశారు, కుదరలేదు. తర్వాత స్వీడన్ నుంచి రాణుల్ని తెచ్చి 2012 నుంచి డంజెనెస్‌లో వదిలారు. మరుసటి ఏడు కూలి ఈగలు కనిపించేసరికి అందరూ పండగ చేసుకున్నారు. కానీ జాతి నిలదొక్కుకోలేదు.

ఆ ఈగ నిలవలేదు కానీ, దానికోసం రామ్నీ మార్ష్ చుట్టుపక్కల రైతులు పొలం గట్ల మీద క్లోవర్, పూలగడ్డి వేశారు. ఆ పూల వల్ల ఆ ప్రాంతంలో అరుదైపోయిన వేరే బంబుల్‌బీలు తిరిగొచ్చాయి. ఎలా తెలిసింది? నెలనెలా నడిచి లెక్కపెట్టేవాళ్లున్నారు కాబట్టి. ఆ లెక్క లేకపోతే మొత్తం ప్రాజెక్టు డబ్బు దండగ అనేవాళ్లం.

---

కరివేపాకు (క్రాయిడన్) · ఏప్రిల్ 6, ఉదయం 9:10

స్వాన్స్‌కూంబ్ సంగతి నాకు తెలియదు. ఆ రెండుచోట్ల వరకూ ఒప్పుకుంటాను. అయినా ఈ 97 శాతానికి మీ దగ్గర జవాబు లేదు.

---

ఉస్మానియా జువాలజీ (హైదరాబాద్) · ఏప్రిల్ 6, ఉదయం 11:35

అసూయగా ఉంది సర్ ఇదంతా చదువుతుంటే. ఇక్కడ కందిరీగనో, ఒంటరి ఈగనో గుర్తుపట్టాలంటే 1897లో బింగ్‌హామ్ రాసిన సంపుటాన్ని ఇప్పటికీ తిరగేస్తాం. మేం ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో, ఐనాచురలిస్ట్‌లో ఫోటోలు పెడుతుంటాం. చాలా వాటికి "ఏదో ఒక తేనెటీగ" అన్న దగ్గరే ఆగిపోతుంది. సెప్టెంబరులో ఎమ్మెస్సీకి బ్రిటన్ వస్తున్నాను. అప్పటికి ఈగలేమైనా మిగిలుంటాయా? కొత్తవాళ్లు ఎలా మొదలుపెట్టాలి?

---

పురుగుల పిచ్చి (లెస్టర్) · ఏప్రిల్ 6, మధ్యాహ్నం 12:50

సెప్టెంబరు మంచి సమయం తమ్ముడూ. గోడల మీద ఐవీ తీగ పూసేది అప్పుడే. దానిమీద చారల చారల ఐవీ బీ (కొల్లీటిస్ హెడెరే) గుంపులుగా ఉంటుంది. అసలు అది ప్రత్యేకమైన జాతి అని 1993లో గానీ శాస్త్రవేత్తలు పేరు పెట్టలేదు. బ్రిటన్ ప్రధాన భూభాగంలో మొదట దొరికింది 2001లో, డోర్సెట్ తీరాన లాంగ్టన్ మాట్రవర్స్‌లో. అక్కణ్నుంచి ఊరూరా ఎలా పాకిందో ఏడాదివారీగా మ్యాపుంది. జనం ఫోటోలు తీసి పంపబట్టే. అదే 2001లో విల్ట్‌షైర్‌లో ట్రీ బంబుల్‌బీ కూడా మొదటిసారి దొరికింది. ఎర్రగోధుమ రంగు ఛాతీ, నల్ల పొట్ట, తెల్ల తోక. పిట్టల కోసం కట్టిన పెట్టెల్లో కాపురం పెట్టడం దానికి ఇష్టం. ఇప్పుడు స్కాట్లండ్ దాకా వెళ్లిపోయింది.

మొదలుపెట్టడానికి అన్నింటికన్నా సులువు ఫిట్ కౌంట్. పూల మీద వాలే కీటకాల్ని లెక్కపెట్టే పోమ్స్ అనే దేశవ్యాప్త పథకంలో భాగం. 50 సెం.మీ. చదరంలో ఉన్న పూల దగ్గర పది నిమిషాలు కూర్చుని ఏం వాలినా లెక్కపెట్టాలి. జాతి పేరు తెలియక్కర్లేదు: బంబుల్‌బీనా, పెంపుడు తేనెటీగా, ఒంటరి ఈగా, కందిరీగా, హోవర్‌ఫ్లైనా అని గుంపు రాస్తే చాలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా. ఎండ ఉంటే కనీసం 13 డిగ్రీలు, మబ్బుంటే 15 ఉండాలి. ఏమీ వాలకపోతే సున్నా అని పంపాలి. చాలామంది ఆ సున్నా పంపరు, మాష్టారు ఊరుకోరు.

కాస్త అలవాటయ్యాక బంబుల్‌బీ కన్సర్వేషన్ ట్రస్ట్ వాళ్ల బీవాక్. కిలోమీటరో రెండో ఒకే దారిలో, మార్చి నుంచి అక్టోబరు దాకా నెలకోసారి నడవాలి. మామూలుగా కనిపించే ఏడెనిమిది బంబుల్‌బీలు గుర్తుపడితే నడక మొదలుపెట్టొచ్చు.

విడిగా చూసినవాటికి ఐరికార్డ్ అనే వెబ్‌సైట్. ఫోటో, తేదీ, చోటు పెడితే ఎవరో ఒక వెరిఫయర్ (సరిచూసే మనిషి) చూసి ఒప్పుకుంటారు, లేదా అడుగుతారు. వాళ్లు జీతం లేకుండా రాత్రిళ్లు కూర్చుని చేసేవాళ్లు. మూడు నెలలు జవాబు రాకపోతే తిట్టుకోకండి. ఒక్క ఫోటో కాకుండా ముఖం, వెనక కాళ్లు, రెక్క నరాలు, వీపు వచ్చేలా నాలుగైదు తీయండి. అందమైన ఫోటో అక్కర్లేదు.

---

మెత్తని మనసు (బర్మింగ్‌హామ్) · ఏప్రిల్ 6, సాయంత్రం 5:15

ఒక మాట అడగాలి. ఇలాంటి సంఘం వాళ్ల నడకకు ఒకసారి వెళ్లాను. పేరు చెప్పను. ఒకాయన ఈగను సీసాలో వేసి చంపి సూది గుచ్చారు. "సంరక్షణ" కోసం వచ్చి చంపడమేమిటని అడిగితే నవ్వారు. అప్పట్నుంచి వెళ్లలేదు. ఫోటోలు సరిపోవా?

---

లెక్కల మాష్టారు (మిల్టన్ కీన్స్) · ఏప్రిల్ 6, సాయంత్రం 6:30

నవ్వడం తప్పు. ప్రశ్న సరైనదే. కొన్నింటికి మాత్రం ఫోటో సరిపోదు. చిన్న చిన్న లాసియోగ్లోసమ్ ఈగలు, స్ఫెకోడీస్ ఈగల్లో మగవి మైక్రోస్కోపు కింద పెడితే గానీ తేలవు. తెల్లతోక బంబుల్‌బీ అని మనం పిలిచే లూకోరమ్‌లో మూడు జాతులు కలిసి ఉన్నాయి. వాటిని విడదీయాలంటే డీఎన్‌ఏ చూడాలి.

ఇంకో కారణం. చంపి దాచిన ఈగ వందేళ్ల తర్వాత కూడా సమాధానం చెప్తుంది. 2022లో ఇంపీరియల్ కాలేజీ, నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు పాత పెట్టెల్లోని బంబుల్‌బీల రెక్కలు కొలిచారు. ఎడమ రెక్కకూ కుడి రెక్కకూ తేడా ఎక్కువుంటే అది పెరిగినప్పుడు కష్టాలు పడిందని అర్థం. 20వ శతాబ్దం సాగేకొద్దీ ఆ తేడా పెరిగింది, వేడి, తేమ ఎక్కువున్న ఏళ్లలో మరీ. ఫోటోలతో అది తేలేదా?

---

మెత్తని మనసు (బర్మింగ్‌హామ్) · ఏప్రిల్ 6, రాత్రి 7:45

తేలదు, సరే. కానీ ఆ పెట్టెలు నిండిన కాలంలో ఈగలు బోలెడు. ఇప్పుడు తగ్గిపోయాయంటూనే ఇంకా గుచ్చుతున్నారు. అవసరమైన వాళ్లు, చదువుకున్న వాళ్లు అవసరమైనంతే చంపడం వేరు, కొత్తగా చేరిన ప్రతివాడికీ సీసా ఇవ్వడం వేరు.

---

పురుగుల పిచ్చి (లెస్టర్) · ఏప్రిల్ 6, రాత్రి 8:20

నేను సీసా వాడతాను. ఆ రోజు ఆ చోట గుర్తుపట్టలేనిది అనుకుంటే ఒకటి పడతాను, అరుదైన చోట రాణిని ముట్టుకోను. దీనికి అందరూ ఒప్పుకునే జవాబు ఉందనుకోను. ఫోటోలతోనే సాగేవాళ్లు కూడా బోలెడుమంది ఉన్నారు, వాళ్ల రికార్డులూ అంతే విలువైనవి. మీరు మళ్లీ వెళ్లండి, సీసా వద్దని చెప్పండి, ఎవరూ బలవంతపెట్టరు.

లేదంటే అసలు ఎక్కడికీ వెళ్లొద్దు. మా లెస్టర్‌లో జెనిఫర్ ఓవెన్ అని జంతుశాస్త్రవేత్త ఉండేవారు. మామూలు వీధిలో మామూలు ఇల్లు. 1972 నుంచి 30 ఏళ్లు తన పెరడే చూశారు. మొత్తం 2,673 జాతులు, అందులో దాదాపు రెండు వేలు కీటకాలే. కొన్ని పరాన్నజీవి కందిరీగలు శాస్త్రానికే కొత్తవి. శనివారాలు అంగట్లో కూరగాయలు కొంటూ ఆ వీధుల్లో తిరిగే నాకు ఈ సంగతి తెలిశాక మా చుట్టుపక్కల పెరళ్లన్నీ వేరేగా కనిపిస్తున్నాయి.

డార్విన్ కూడా తన డౌన్ హౌస్ పెరట్లో ఇదే పని చేశాడు. మగ బంబుల్‌బీలు రోజూ ఒకే దారిలో, ఒకే చెట్ల దగ్గర ఆగుతూ ఎగురుతాయని గమనించి, పిల్లల్ని ఒక్కో మలుపు దగ్గర నిలబెట్టి "ఇదిగో వచ్చింది" అని అరిపించాడు. ఈగ మీద పిండి చల్లి మరీ. తెలుగు బడి పిల్లలతో ఇది ఎవరైనా చేయించండి, ఆదివారం పాఠాల కంటే ఇష్టంగా వస్తారు.

---

కెంట్ కోడలు (ఫోక్‌స్టోన్) · ఏప్రిల్ 7, ఉదయం 7:50

కందిరీగల మాట వచ్చింది కాబట్టి: దక్షిణ తీరంలో ఉన్నవాళ్లు ఏషియన్ హార్నెట్ (వెస్పా వెలుటినా) కోసం కళ్లు తెరిచి ఉంచండి. 2004 ప్రాంతంలో ఫ్రాన్స్‌కు చేరింది, చైనా నుంచి వచ్చిన కుండల సరుకుతో అంటారు. ఇక్కడ మొదట దొరికింది 2016లో, గ్లోస్టర్‌షైర్‌లోని టెట్‌బరీలో. 2023లో 72 గూళ్లు తీశారు, చాలావరకు మా కెంట్‌లోనే. 2024లో 24. తేనెపెట్టెల ముందు గాల్లో నిలబడి ఈగల్ని పట్టుకుపోతుంది. పెట్టెల్లోవే కాదు, ఐవీ మీది ఈగలు, హోవర్‌ఫ్లైలు ఏవైనా తింటుంది.

గుర్తు: ఒళ్లు నలుపు, కాళ్ల చివర్లు పసుపు, పొట్ట మీద వెనగ్గా ఒకే నారింజ పట్టీ. ఇక్కడి సొంత హార్నెట్ అంతకన్నా పెద్దది, ఎర్రగోధుమ, పసుపు. పాపం అది అమాయకురాలు, పొరపాటున దాన్ని చంపేవాళ్లే ఎక్కువ. అనుమానమొస్తే ఏషియన్ హార్నెట్ వాచ్ యాప్‌లో ఫోటో పెట్టండి, గూటి దగ్గరికి మాత్రం వెళ్లకండి.

---

అబర్డీన్ అబ్బాయి · ఏప్రిల్ 7, ఉదయం 8:15

అక్కా, మా దగ్గరికి రావడానికి ఎంత టైముంది?

---

కెంట్ కోడలు (ఫోక్‌స్టోన్) · ఏప్రిల్ 7, ఉదయం 8:22

మీ చలికి అది కూడా ఆలోచిస్తుందిలే. మీకు వేరే పని ఉంది. గ్రేట్ ఎల్లో బంబుల్‌బీ ఒకప్పుడు దేశమంతా ఉండేది, ఇప్పుడు స్కాట్లండ్ ఉత్తర అంచున, ఆర్క్నీలో, హెబ్రిడీస్‌లోనే మిగిలింది. సెలవుల్లో అటు వెళ్తే చూసి రాయండి. పసుపంతా పరుచుకుని రెక్కల మధ్య నల్ల పట్టీ.

---

థేమ్స్ ఒడ్డు (రెడింగ్) · ఏప్రిల్ 7, సాయంత్రం 6:10

అందరికీ థాంక్స్. తేనెపెట్టెలకు ఆర్డర్ ఇచ్చేశారట, వెనక్కు తీసుకోరట. తొట్లలో పూలమొక్కలకు కూడా డబ్బు కేటాయించమని మెయిల్ పెట్టాను, చూద్దాం. బీ హోటల్ (ఈగలు గూడు పెట్టుకోవడానికి గొట్టాలు పేర్చిన పెట్టె) కూడా కొంటాం అంటున్నారు. అది మంచిదేనా?

---

గోంగూర గార్డెన్ (హౌన్స్‌లో) · ఏప్రిల్ 7, సాయంత్రం 6:40

నేను కొన్నది ఒక్క వానకే బూజు పట్టింది. వెదురు ముక్కలు రెండంగుళాలే, వెనక మూత లేదు. అందంగా ఉంది కానీ అద్దెకెవరూ రాలేదు.

---

పురుగుల పిచ్చి (లెస్టర్) · ఏప్రిల్ 7, రాత్రి 8:05

మంచిదే, సరిగ్గా చేస్తే. గొట్టాలు కనీసం 15 సెం.మీ. లోతు, వెనక మూసి ఉండాలి. బెజ్జాలు 2 నుంచి 10 మి.మీ. దాకా రకరకాలు. దక్షిణం వైపు ఎండలో, వాన పడకుండా, ఊగకుండా, మీటరు ఎత్తు పైన. ఏటా గొట్టాలు మార్చకపోతే పురుగులు, పరాన్న ఈగలు చేరి ఈగలకంటే వాటి సంతానమే పెరుగుతుంది. పెద్ద పెద్ద హోటళ్లు వద్దు, చిన్నవి రెండుమూడు చోట్ల మేలు. అయినా హోటల్‌కు వచ్చేవి కొన్ని జాతులే. ఎక్కువ భాగం ఈగలు నేలలో తవ్వుకుంటాయి. ఎండ తగిలే చోట కాస్త బోడి నేల వదిలేయడం ఆ హోటల్ కంటే ఎక్కువ పని చేస్తుంది, ఖర్చూ లేదు.

మేడ మీద తొట్లకు: వసంతంలో పల్మొనేరియా, తర్వాత కాంఫ్రీ, క్లోవర్, ఓరెగానో, లావెండర్. చివర్లో ఐవీని కోయకుండా పూయనివ్వాలి. దుకాణంలో "ఈగలకు మంచిది" అని చీటీ ఉన్నంత మాత్రాన కొనొద్దు, మందు కొట్టారేమో అడగండి.

---

మెత్తని మనసు (బర్మింగ్‌హామ్) · ఏప్రిల్ 8, ఉదయం 10:30

సీసా లేకుండానే మొదలుపెట్టాను. పార్కులో దారి పక్క గట్టు మీద బెజ్జాలు బోలెడున్నాయి. నల్లటి ఈగ, ఛాతీ మీద బూడిద రంగు పట్టీలు రెండు, మధ్యలో నల్ల పట్టీ. ఫోటోలు పెడుతున్నాను. ఆ బెజ్జాల చుట్టూ బొచ్చు లేని, కందిరీగలా పసుపు నలుపు చారలున్న సన్నటిది ఒకటి నేలకు ఆనుకుని తిరుగుతోంది. ఇది వాటిని వేటాడుతోందా?

---

పురుగుల పిచ్చి (లెస్టర్) · ఏప్రిల్ 8, ఉదయం 11:05

మొదటిది యాషీ మైనింగ్ బీ, ఆండ్రీనా సినెరేరియా. అనుమానమే లేదు, అంత స్పష్టంగా కనిపించేవి తక్కువ. రెండోది కందిరీగ కాదు, అది కూడా తేనెటీగే. నొమాడా అంటారు, కోకిల చేసే పనే చేస్తుంది. యజమాని బయటికెళ్లినప్పుడు దూరి గుడ్డు పెట్టి వస్తుంది. దాని పిల్ల అసలు గుడ్డును చంపి పుప్పొడి ముద్ద తినేస్తుంది. సినెరేరియా గూళ్ల దగ్గర తిరిగేది సాధారణంగా నొమాడా లాత్‌బ్యూరియానా. కానీ నొమాడాలు మోసం చేస్తాయి. మూతి, కొమ్ములు, ఛాతీ మీది బొచ్చు కనిపించేలా దగ్గరగా ఇంకో రెండు తీయగలరా? ఈలోగా ఐరికార్డ్‌లో రెండింటినీ వేరువేరు ఎంట్రీలుగా పెట్టండి. నొమాడాకు జాతి పేరు రాయకుండా "నొమాడా" అని వదిలేయండి. వ్యాఖ్యలో మాత్రం సినెరేరియా గూళ్ల దగ్గర తిరుగుతోందని తప్పకుండా రాయండి, వెరిఫయర్ ముందు చూసేది అదే.